నా భయంలో సగం అప్పలసూరికి

ఆపరేషన్‌కి పన్నెండు రోజులు

ఈ రోజు నాకు కాగితం ఇచ్చారు. పద్నాలుగు తెల్లకాగితాలు, ఒక పెన్సిలు, అవి దగ్గర పెట్టుకోవడానికి ఒక పర్మిటు. ఇరవై ఎనిమిదేళ్ళ తరవాత తెల్లకాగితం ముట్టుకున్నాను. మా ఊళ్ళో కాగితం దొరకాలంటే చదువు చాలదు, నడుం విరగాలి.

మా ఊరి పేరు గానుగ. ఆకాశంలో చక్రంలా తిరుగుతూనే ఉంటుంది కనక మొదట వచ్చినవాళ్ళు ఆ పేరు పెట్టారు. చివరనున్న బరువు వీధిలో ముప్పై నాలుగేళ్ళు నీటిగొట్టాలు బిగించాను. అక్కడ బిందె ఎత్తితే రెండు బిందెలు ఎత్తినట్టుంటుంది. ఇప్పుడు ముసలివాళ్ళందరిలాగే ఇరుసుకి దగ్గరగా తేలిక వీధిలో ఉంటున్నాను. ఇక్కడ టీ గ్లాసులోకి పోస్తే అది తీరుబడిగా దిగుతుంది. నా నడుం మాత్రం ఇంకా బరువు వీధిలోనే ఉంది.

కింది రెండు పూసల మధ్య మెత్త జారి నరాన్ని నొక్కుతోంది. ఎడమకాలి బొటనవేలు ఏడు నెలలుగా పైకి లేవడం లేదు. నడిస్తే పాదం నేలకి రాసుకుంటూ చీపురులా వస్తుంది. "పన్నెండో రోజున చేసేస్తాను. ఆ రోజు తప్పితే మళ్ళీ మీ వంతు నాలుగు నెలలకి. అప్పటికి ఆ నరం ఉండదు, కాలు మీ మాట వినదు" అంది డాక్టర్ హైమావతి. ఆవిడ అనవసరమైన మాట ఒక్కటీ అనదు. మా ఊరి కవులందరినీ ఆవిడ దగ్గర ఒక వారం కూర్చోబెట్టాలి.

రోజూ ఒక కాగితం రాయాలట. నర్సు నీలవేణి వచ్చి చేతిరాతలో వణుకు ఎంతుందో చూస్తుంది. రోగి రాసింది చదవకూడదని రూలు, అందుకని కాగితాన్ని తలకిందులుగా పట్టుకుంటుంది. ఆపరేషన్ అయ్యాక అన్నీ గుజ్జు యంత్రంలోకి పోతాయి.

"ఎవరూ చదవనిదానికి నేనెందుకు రాయాలమ్మా?" అన్నాను.

"వణుకు కోసం తాతా. మీరు సున్నాలు చుట్టినా సరే."

సున్నాలు చుట్టి పతకాలు తీసుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. నేను మాటలే రాస్తాను.

ఆపరేషన్‌కి పదకొండు రోజులు

మత్తు ఇవ్వరట. తోలుకి మాత్రం తిమ్మిరి మందు పూస్తారు. "మత్తుగాలి వదల్లేం తాతా. ఇవాళ మీరు పీల్చింది రేపు బడిలో పిల్లలు పీలుస్తారు" అంది నీలవేణి. నిజమే, ఊరంతటికీ ఉన్నది ఒకే గాలి. అంటే నా వెన్ను తెరుస్తుంటే నేను మెలకువగా, కదలకుండా, బుద్ధిగా పడుకోవాలి.

భయపడ్డ మనిషి కదులుతాడు. అందుకని చేతికి కడియం పెట్టి భయం కొలుస్తారు. నలభై అయిదు లోపు ఉంటేనే బల్ల ఎక్కిస్తారు. నాది డెబ్భై నాలుగు వచ్చింది. నీలవేణి మర్యాదకి కడియాన్ని రెండుసార్లు తట్టింది. మళ్ళీ డెబ్భై నాలుగే.

"సగపాలు మనిషిని వెతుక్కోండి తాతా. మీ భయంలో సగం ఆయన మోస్తాడు. కనీసం ఇరవయ్యేళ్ళు మిమ్మల్ని ఎరిగినవాళ్ళై ఉండాలి, కొత్తవాళ్ళకి కడియం పట్టదు" అని, రేకు మీద అచ్చేసిన పన్నెండు పేజీల పుస్తకం చేతిలో పెట్టింది. మొదటి వాక్యం: "ప్రియమైన రోగి మిత్రమా, భయం ఒక అవకాశం." అక్కడే మూసేశాను. ఈ ఊరి గ్రంథాలయంలో ఉన్న రేకు పుస్తకాలన్నీ చదివాను, కొన్ని రెండేసిసార్లు. కానీ దేనికైనా హద్దుంటుంది.

ఇక్కడే చిక్కు. ఇరవయ్యేళ్ళుగా నన్ను ఎరిగినవాళ్ళు తొమ్మిదిమంది బతికున్నారు. తొమ్మిదిమందీ నన్ను బాగా ఎరుగుదురు.

ఆపరేషన్‌కి పది రోజులు

సగపాలు అడగడానికి మా ఊళ్ళో ఒక పద్ధతుంది. మన ఇంటికి పిలిచి, మన చేత్తో వండిపెట్టాలి. తినకముందు అడగకూడదు. చెయ్యి కడుక్కోకముందు జవాబు చెప్పకూడదు. ఆకలితో ఉన్న మనిషి దేనికైనా ఒప్పుకుంటాడని పెద్దలు అలా పెట్టి ఉంటారు. నా వంట తిన్నవాడు దేనికీ ఒప్పుకోడని వాళ్ళు ఊహించలేదు.

ముందు మా వదిన రత్తాలమ్మని పిలిచాను. బీరకాయ కూర చేశాను. ఆవిడ సగం తిని, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ తీరిగ్గా మొదలుపెట్టింది.

"మరిదీ, మీ అన్న పోయిన్నాడు సంతాప సభ పెట్టారు, గుర్తున్నాదా?"

"ఉంది."

"పెద్దమనిషి లేచి నాలుగు మంచి మాటలు చెప్తన్నాడు. నువ్వు లేచి, ఆయన పనిలో చేరిన సంవత్సరం అది కాదు అన్నావు. కూకోబెడితే మళ్ళీ లేచి, ఆయనకి ఇద్దరు కాదు, ముగ్గురు మేనత్తలు అన్నావు."

"ముగ్గురే కదా వదినా."

"ముగ్గురే. అందుకే నీ భయం నువ్వే మొయ్యి నాయినా. కూరలో ఉప్పు మాత్రం బాగా మోసింది."

తలుపు దగ్గర ఆగి, "నీకేటీ కాదులే" అంది. అది జాలో, నిష్ఠూరమో తెలియలేదు. ఆవిడ వెళ్ళాక కడియం చూసుకుంటే డెబ్భై ఆరు.

ఆపరేషన్‌కి తొమ్మిది రోజులు

పొద్దున్న లేవగానే ఒక్క క్షణం ఏమీ గుర్తుండదు. ఆ తరవాత గుర్తొస్తుంది. కడుపులో లిఫ్టు కిందికి దిగినట్టవుతుంది. ముద్ద నోట్లోనే తిరుగుతుంది. చదివిన పేజీనే మళ్ళీ చదువుతున్నాను, ఆ పేజీలో ఎవరో ఎవరికో ఉత్తరం రాస్తున్నారు, ఎవరు ఎవరికో రెండు గంటలైనా తెలియలేదు.

వదినతో కలిపి ఇద్దరు భోంచేసి వద్దన్నారు. ముగ్గురు భోజనానికే రామన్నారు. తొమ్మిదిమందిలో మిగిలినవాళ్ళలో ముగ్గురు నాకంటే ముసలివాళ్ళు, వాళ్ళ గుండెలు సగపాలుకి పనికిరావని ఆసుపత్రే కొట్టేసింది. ఇక మిగిలింది ఒక్కడు.

ముద్దాడ అప్పలసూరి.

వీడి గురించి ఒక కాగితం ఖర్చుపెట్టినా తప్పులేదు. కాగితం బోర్డులో ముప్పై ఏళ్ళు అధికారి. నేను పదకొండేళ్ళు కష్టపడి "గానుగ నీళ్ళ చరిత్ర" రాస్తే, అచ్చయిన మూడొందల పది ప్రతుల్ని ఇరవై ఎనిమిదేళ్ళ కిందట గుజ్జు చేయించినవాడు. ఆ గుజ్జుతో గుడ్ల అట్టలు చేశారు. నాలుగు నెలలపాటు ఊరంతా నా చరిత్రలో గుడ్లు పెట్టుకుంది. గ్రంథాలయం ప్రతి కూడా వదల్లేదు. నా సొంత ప్రతిని నా చేతిలోంచి తీసుకుని రసీదు ఇచ్చాడు.

అప్పటినుంచి వాడితో మాటల్లేవు. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం.

మధ్యాహ్నం గోడకి చేరగిలబడి ఆలోచిస్తుంటే, ఏడు నెలల్లో మొదటిసారి నవ్వొచ్చింది. నేను తప్పుగా ఆలోచిస్తున్నాను. భయం మోయడం ఒక ఉపకారమని స్నేహితుల కోసం వెతికాను. ఇది భయం! కడుపులో లిఫ్టు, నోట్లో తిరిగే ముద్ద! దీన్ని ఇవ్వాల్సింది స్నేహితుడికా?

టమాటా పప్పు చేస్తాను. వాడికి చిన్నప్పుడు ఇష్టం.

ఆపరేషన్‌కి ఎనిమిది రోజులు

వచ్చాడు. మోకాళ్ళు పట్టేశాయి, రెండు చేతికర్రలతో నడుస్తున్నాడు. పీట మీద కూర్చోలేక మంచం మీద కూర్చుని తిన్నాడు. తింటున్నంతసేపూ నా పుస్తకాల అలమర ఉండాల్సిన ఖాళీ గోడని చూశాడు. రెండోసారి పప్పు వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కున్నాడు.

"అడుగు" అన్నాడు.

"నా భయంలో సగం మోస్తావా?"

"మోస్తాను. పప్పులో చింతపండు ఎందుకేసావు? టమాటా ఉన్నప్పుడు చింతపండేటి, బుద్ధుందా?"

అంతే. వీడు ఆలోచించనైనా లేదు. ఒప్పుకోడని తెలిసి అడగడం వేరు, ఒప్పుకున్నాక వాడి వెనకాల ఆసుపత్రికి నడవడం వేరు. నీలవేణి మా ఇద్దరికీ కడియాలు పెట్టి మీట నొక్కింది. అంకె డెబ్భై ఆరు నుంచి నలభై రెండుకి దిగింది. నా గుండెల మీంచి ఎవరో లేచి పక్కకి జరిగినట్టయింది. అప్పలసూరి మొహం చూశాను. కొంచెం తెల్లబడింది.

"ఇదేనేటిరా నీ భయం? ఇంతోటిదానికేనా?" అన్నాడు. కానీ గోడ పట్టుకున్నాడు. సరిగ్గా చూశాను, పట్టుకున్నాడు.

హాయిగా అన్నం తిన్నాను.

ఆపరేషన్‌కి ఏడు రోజులు

పొద్దున్న నలభై ఒకటి. ఒంటిగంటకి నలభై రెండు. సాయంత్రం నాలుగింటికి, నేను మొక్కజొన్న పొత్తు కాల్చుకుంటుంటే, ఉన్నట్టుండి చేతులు చల్లబడ్డాయి. ఎవరో తలుపు కొట్టబోతున్నట్టు అనిపించింది. ఎవరూ కొట్టలేదు. అంకె చూస్తే యాభై నాలుగు. అరగంటలో దిగిపోయింది.

నడుం గురించి నేను ఏమీ అనుకోలేదే! మొక్కజొన్న గురించే అనుకున్నాను.

ఆపరేషన్‌కి ఆరు రోజులు

నాలుగింటికి మళ్ళీ. ఈసారి అరవై. మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాను. చదివిన పుస్తకాలన్నిట్లో చెప్పిన ఉపాయాలన్నీ చేశాను. ఊపిరి లెక్కపెట్టాను. గానుగ వీధుల పేర్లు వెనకనుంచి చెప్పాను. నన్ను అవమానించినవాళ్ళ పేర్లు అక్షరక్రమంలో చెప్పాను, అది కొంచెం పనిచేసింది కానీ "వ" వచ్చేసరికి అయిపోయారు.

ఇలా పెరుగుతూ పోతే ఆపరేషన్ రోజున బల్ల ఎక్కించరు. నా భయం నాకు తెలియకుండా పెరుగుతోందంటే లోపల ఏదో జరుగుతోందన్నమాట. డెబ్భై ఒక్క ఏళ్ళ వయసులో మనిషికి తన కాలు తనది కాకపోవడం ఎలాంటిదో ఈ పుస్తకాలు రాసినవాళ్ళెవరూ రాయలేదు.

ఆపరేషన్‌కి అయిదు రోజులు

నీలవేణికి చెప్పాను. కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని వణుకు చూస్తూనే వింది.

"రోజూ నాలుగింటికేనా?"

"గంట కొట్టినట్టు."

"తాతా, ఆ పుస్తకం చదివారా?"

"ఒక వాక్యం చదివాను."

"అయిదో పేజీలో ఉంది. కడియం మీ భయాన్ని సగం ఆయనకి పంపదు. ఇద్దరిదీ కలిపి, చెరి సగం చేస్తుంది. నాలుగింటికి భయపడేది మీరు కాదేమో!"

ఊళ్ళో అందరికంటే ఎక్కువ చదివినవాడిని నేను. చదవనిది ఆ పన్నెండు పేజీలే. "ఆ పుస్తకం రాసినవాడికి వాక్యం రాయడం రాదు" అన్నాను. "అది రాసింది మా మావయ్య" అంది నీలవేణి, నొచ్చుకోకుండా.

ఆవిడ వెళ్ళాక కూర్చుని ఆలోచించాను. అంటే నాలుగింటికి అప్పలసూరిగాడు వణుకుతున్నాడు. ఊరందరి చేతా కాగితాలు కక్కించినవాడు దేనికి వణుకుతాడు?

నాలుగింటికి మా వీధిలో ఏం జరుగుతుంది? సైరన్ మోగుతుంది. ఏడాదికోసారి జరిగే కాగితం తనిఖీ ఇప్పుడు మా వీధిలో నడుస్తోంది. రోజుకి పది ఇళ్ళు. మొదటి ఇంటినుంచి మొదలుపెట్టారు. ఇవాళ్టితో ముప్పై అయ్యాయి. అప్పలసూరి ఇల్లు యాభై ఎనిమిది.

దగ్గరవుతున్నకొద్దీ అంకె పెరుగుతోంది.

వాడి దగ్గర కాగితం ఉంది!

ఎంత సంతోషం వేసిందో రాయడానికి ఈ కాగితం చాలదు.

ఆపరేషన్‌కి నాలుగు రోజులు

నాలుగింటికి అరవై నాలుగు. వణుకుతూనే నవ్వుకున్నాను. కాగితం దాస్తే శిక్ష ఏడాదిపాటు బరువు వీధిలో కాపురం. ఆ శిక్ష పెట్టించిందే అప్పలసూరి. ఇప్పుడు వాడి మోకాళ్ళతో బరువు వీధిలో మంచం దిగనైనా లేడు.

భోంచేస్తుండగా రెండో సగం గుర్తొచ్చింది. వాణ్ణి బరువు వీధికి దింపితే వాడి కడియం తీసేస్తారు. నా అంకె డెబ్భై ఆరు. నా ఆపరేషన్ ఉండదు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎదురుచూసిన రోజు వచ్చేసరికి, దాన్ని నా నడుముకే కట్టారు.

ఆపరేషన్‌కి మూడు రోజులు

ఇవాళ యాభైయ్యో ఇంటిదాకా వచ్చారు. అరవై తొమ్మిది. నీలవేణి అంకెల పలక చూసి, "డాక్టరుగారు అడుగుతున్నారు తాతా. ఇలాగే ఉంటే వాయిదా వేద్దామంటున్నారు" అంది. ఆవిడ అంత నెమ్మదిగా చెప్పడం చూసి నిజంగా భయం వేసింది. అది పూర్తిగా నాదే, అప్పలసూరికి అందులో వాటా లేదు. ఉందేమో. వాడికీ వెళ్ళి ఉంటుంది కదా!

రేపు వాడింటికి వెళ్తాను. ఎందుకో ఇంకా తేల్చుకోలేదు. పట్టుబడుతుంటే చూడటానికని ప్రస్తుతానికి రాసుకుంటున్నాను.

ఆపరేషన్‌కి రెండు రోజులు

మూడున్నరకి యాభై ఎనిమిదో ఇంటికి చేరాను. కాలు ఈడ్చుకుంటూ గంట పట్టింది. అప్పలసూరి ఒక ట్రంకుపెట్టె మీద, దుప్పటి మీద, కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాడు.

"లే" అన్నాను.

"నా ఇంట్లో నన్ను లెమ్మంటావేటి?"

"అయిదు రోజులుగా నీ భయం నేను మోస్తున్నానురా. సగం హక్కు నాకుంది. లే."

మా ఇద్దరి కడియాలూ ఒకేసారి ఎర్రబడ్డాయి. వాడు తన కడియం చూసుకున్నాడు, నాది చూశాడు. వాడూ ఆ పుస్తకం చదవలేదు. నెమ్మదిగా లేచి, దుప్పటి తీసి, పెట్టె తెరిచాడు.

"గానుగ నీళ్ళ చరిత్ర." నీలం అట్ట, మూల విరిగింది. నా సొంత ప్రతి, నా చేతిలోంచి తీసుకుని రసీదు ఇచ్చిన ప్రతి.

పేజీలు తిప్పాను. అంచుల నిండా చీమల బారుల్లా పెన్సిలు రాతలు. "తప్పు." "ఇదీ తప్పు." "ఈ గొట్టం అప్పటికి లేదు." "ఎవరు చెప్పారు నీకు?"

"రెండొందల పన్నెండు" అన్నాడు అప్పలసూరి.

"ఏమిటి?"

"తప్పులు. గుడ్లు పగిలిపోతన్నాయి, పిల్లలకి చాలడం లేదు, అట్టలు కావాలి. అంచేత గుజ్జు చేయించాను. అది నిజం. తప్పులున్నాయి, అదీ నిజం. కానీ తప్పులు దిద్దకుండా పుస్తకాన్ని ఎలగ పారేస్తాను?"

"ఇరవై ఎనిమిదేళ్ళా?"

"పెద్ద పుస్తకం కదేటి!"

సైరన్ మోగింది. వీధిలో అడుగులు వినపడ్డాయి. అప్పలసూరి మొహం అట్టలా అయిపోయింది. వాడి కడుపులో దిగిన లిఫ్టు నా కడుపులో కూడా దిగింది.

ఏమాలోచించానో నాకు తెలియదు. ఆలోచించలేదనుకుంటాను. నా నడుంపట్టీలో వెన్ను నిటారుగా నిలబడటానికి జానెడు వెడల్పు రేకు ఒకటి ఉంటుంది. దాన్ని లాగి వంటగట్టు మీద, వంకాయల పక్కన పడేశాను. దాని చోట పుస్తకాన్ని దోపాను. "బిగించు" అన్నాను. అప్పలసూరి వెనక పట్టీలు లాగి కట్టాడు.

తనిఖీ అధికారి కోదండం తలుపు తీసుకుని వచ్చాడు. అప్పలసూరి దగ్గరే పని నేర్చుకున్న కుర్రాడు, ఇప్పుడు యాభై ఏళ్ళుంటాయి. చేతిలో కాగితం వాసన పట్టే యంత్రం. ఊళ్ళో దాన్ని ముక్కు అంటారు.

"నమస్కారం సారూ. మీ ఇంట్లో చూసేది ఏటుంటాది! రూలు కదా అని" అంటూ ముక్కుని గదంతా తిప్పాడు. వంటగట్టు దాటింది, పెట్టె దాటింది. నా దగ్గరికి వచ్చేసరికి గీపెట్టింది.

"ఏటిది తాతా?"

నేను జేబులోంచి ఈ కాగితాలే తీసి చూపించాను. పర్మిటు కూడా.

"రోగి కాగితాలు. పద్నాలుగు. లెక్కపెట్టుకో. చదవడానికి మాత్రం వీల్లేదు, నీమీద కేసు పెడతాను."

లెక్కపెట్టాడు. ముక్కు ఇంకా గీపెడుతూనే ఉంది, నా వీపువైపు.

"పద్నాలుగు కాగితాలకి ఇంత వాసనేటి? ఆ పట్టీ ఓసారి విప్పండి."

"విప్పుతాను. విప్పితే నిలబడలేను. నువ్వు నన్ను నడుం కింద, ఇదిగో ఇక్కడ, కదలకుండా ఎత్తి పట్టుకో. ఎల్లుండి కోస్తారు, ఈలోగా పూస జారిందంటే డాక్టర్ హైమావతికి నువ్వే చెప్పుకో."

కోదండం చేతులు వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు మా కడియాలు చూశాడు. రెండూ ఎనభై తొమ్మిది చూపిస్తూ దీపాల్లా వెలుగుతున్నాయి.

"ఇద్దరికీ ఎందుకండీ ఇంత భయం?"

"నీ వీపు కోస్తే నువ్వు నవ్వుతావురా?" అన్నాడు అప్పలసూరి. ముప్పై ఏళ్ళు అధికారిగా ఉన్న గొంతు అది. "రాసుకో, ఏమీ లేదని. తరవాతి ఇంటికి నడు."

రాసుకుని నడిచాడు.

తలుపు మూసుకోగానే అంకె ఎనభై తొమ్మిదినుంచి జారుతూ, జారుతూ, ముప్పై మూడు దగ్గర ఆగింది. అప్పలసూరి మంచం మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నేను నవ్వలేదు. నవ్వితే నడుం నొప్పి.

"ఎందుకు ఒప్పుకున్నావురా, నా భయం మోయడానికి?" అని అడిగాను.

"బల్ల మీద నువ్వు పోతే రెండొందల పన్నెండింటికి ఎవడు జవాబు చెప్తాడు?"

పుస్తకంతోనే ఇంటికి నడిచాను. వెన్ను ఏడు నెలల్లో ఇంత నిటారుగా ఎప్పుడూ లేదు.

ఆపరేషన్‌కి ఒక రోజు

పొద్దున్నుంచి చదువుతున్నాను. నా పుస్తకం కాదు, దాని అంచులు. పన్నెండో పేజీలో మొదటి చెరువు లోతు నేను తప్పు రాశానట. వీడు వెళ్ళి కొలిచాడట! అరవై మూడో పేజీలో "ఇక్కడ రచయితకి తనమీద తనకే ముచ్చట వేసింది" అని రాశాడు. నూట ఏడో పేజీలో ఒక పేరా మొత్తం కొట్టేసి "అక్కర్లేదు" అన్నాడు. అది నేను నాలుగు నెలలు రాసిన పేరా.

నలభై ఒకటో పేజీ దగ్గర మాత్రం ఏమీ రాయలేదు. ఒక చిన్న గీత. అంతే.

ఆ పేజీ నాకు తెలుసు. మూడో తొట్టి పగిలిన రోజు. ఊరి నీళ్ళన్నీ బయటి చీకట్లోకి పోబోతుంటే మా నాన్న నిచ్చెనెక్కి మూడో తూము మూసి ఊరిని కాపాడాడని రాశాను. ఆ గీత వైపు చాలాసేపు చూసి పేజీ తిప్పేశాను.

మధ్యాహ్నం నీలవేణి వచ్చింది. కాగితాలు తలకిందులుగా పట్టుకుంది. నిన్నటి కాగితం దగ్గర చాలాసేపు ఆగింది. పెదవులు కొంచెం కదిలాయి.

"తలకిందులుగా చదవడం వచ్చా నీకు?" అన్నాను.

"రాదు తాతా. చిన్నప్పుడు వచ్చేది, మరిచిపోయాను" అని కాగితం మడిచి నా చేతికిచ్చి, కడియం చూసింది. "ఇరవై ఎనిమిది! ఏం చేశారు?"

"కోపం వచ్చింది."

"మంచిదే. ఇది కోపం కొలవదు."

ఆపరేషన్ రోజు. మర్నాడు రాస్తున్నాను

ఇరుసు ఆసుపత్రిలో బరువు దాదాపు ఉండదు. బల్లకి పట్టీలతో బోర్లా కట్టారు. మొహానికి ఒక కంత. అందులోంచి నేల, అప్పలసూరి పాదాలు మాత్రమే కనిపిస్తాయి. సగపాలు మనిషి బల్ల పక్కనే కూర్చోవాలి.

మొదలుపెట్టేటప్పుడు నలభై. తోలు కోస్తే తెలియలేదు. తరవాత ఒక చప్పుడు మొదలైంది, నా ఎముకలోంచి నా పళ్ళలోకి వచ్చింది. నేను గొట్టాలకి చేసిన పనే ఇది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఎప్పుడు జారుతుందో, జారితే ఏమవుతుందో తెలుసు. కాళ్ళు నాకు చెప్పకుండా బిగుసుకోవడం మొదలుపెట్టాయి.

"నలభై ఎనిమిది" అంది నీలవేణి. "యాభై రెండు."

"అరవై దాటితే మూసేస్తాను" అంది డాక్టర్ హైమావతి. "సన్యాసిరావుగారూ, కదలకండి."

"యాభై ఏడు."

కంతలో కనిపిస్తున్న పాదాలు కూడా వణుకుతున్నాయి. వాడి దగ్గరా నా భయమే ఉంది మరి. కానీ గొంతు వణకలేదు.

"పన్నెండో పేజీ" అన్నాడు అప్పలసూరి. "చెరువు లోతు ఏడు మీటర్లని రాసావు. అయిదున్నర."

నేను పళ్ళు కొరికాను.

"పందొమ్మిదో పేజీ. ఎవడో పంపు కనిపెట్టాడని రాసావు. వాడు కనిపెట్టలేదు, వాళ్ళావిడ కనిపెట్టింది. వాడు రంగేసాడు."

"రుజువేది?" అన్నాను నేలతో.

"మాట్లాడకండి" అంది డాక్టరు.

"యాభై ఒకటి" అంది నీలవేణి. ఆవిడ గొంతులో నవ్వు వినిపించింది.

వాడి చేతిలో పుస్తకం లేదు. అన్నీ కంఠతా వచ్చు. ఇరవై ఏడు, ముప్పై మూడు, యాభై ఆరు, అరవై మూడు. గంటన్నరసేపు, నా వెన్ను తెరిచి ఉండగా, జవాబు చెప్పే వీల్లేకుండా, నా జీవితంలో చేసిన ఒక్క పనినీ పేజీ పేజీగా ఉతికాడు. కదిలితే డాక్టరు వాణ్ణి బయటికి పంపేస్తుంది. అప్పుడు మిగతావి వినలేను. వినకపోతే జవాబు ఎలా రాస్తాను? రాయిలా పడుకున్నాను.

"ముప్పై నాలుగు."

"నరం వదిలింది" అంది డాక్టర్ హైమావతి చివరికి. "ఇప్పుడు ఎడమకాలి బొటనవేలు పైకెత్తండి."

ఎత్తాను. ఎత్తాననుకున్నాను.

"ఎత్తండి."

ఏడు నెలలుగా మూసి ఉన్న తూము అది, తుప్పు పట్టింది. ఎక్కడినుంచి తిప్పాలో మరిచిపోయాను. నలభై, నలభై నాలుగు, నలభై తొమ్మిది అని నీలవేణి గొంతు తగ్గించి చెబుతోంది.

"నలభై ఒకటో పేజీ" అన్నాడు అప్పలసూరి.

"వద్దురా" అన్నాను.

"మూడో తూము మూసింది మీ నాన్న కాదు. మంగతాయారు. బట్టలుతికే మంగతాయారు. నిచ్చెన మీద ఆవిడుంది. మీ నాన్న కింద నిచ్చెన పట్టుకున్నాడు. నేను చూసాను, నువ్వూ నా పక్కనే ఉన్నావు. మీ నాన్న కాళ్ళు గజగజా వణికిపోతన్నాయి."

వాణ్ణి తన్నాలి. అంతకు మించి ఈ లోకంలో నాకింకే కోరికా లేదు. ఈ కంతలో కనిపిస్తున్న ఆ పాదం మీద, ఎడమకాలితో.

"లేచింది!" అంది డాక్టర్ హైమావతి. "బొటనవేలు లేచింది. ఇంకోసారి. ఆఁ, పాదం కూడా. చాలు చాలు, ఇక తన్నకండి, కుట్లు వెయ్యాలి."

"వణుకుతూ పట్టుకున్నాడు" అన్నాడు అప్పలసూరి, ఇంకా ముగించనట్టు. "నిచ్చెన వదల్లేదు. అది నువ్వు రాయలేదు. తప్పుల్లోకెల్లా అదే పెద్ద తప్పు."

ఆపరేషన్ తరవాత రెండో రోజు

నాలుగడుగులు నడిపించారు. పాదం నేలకి రాసుకోలేదు. అయిదో అడుగుకి నీలవేణి మెడ పట్టుకున్నాను.

ఇది పద్నాలుగో కాగితం. గుజ్జు యంత్రానికి ఇచ్చి రావడానికి ఎవరైనా కావాలంది నీలవేణి. కాగితం బోర్డులో పనిచేసిన పెద్దమనిషి ఉన్నారుగా, ఆయన చేతికిచ్చేయనా తాతా అంది. ఆయన ఇల్లు ఈ ఏటికి తనిఖీ కూడా అయిపోయింది కదా, అని ఎవరికీ కాకుండా గోడకి చెప్పింది. పాత నడుంపట్టీ కూడా ఆయనకే ఇచ్చేయమన్నాను, లోపల రేకు బదులు ఉన్నదానితో సహా.

పెద్దల పద్ధతి ప్రకారం మోసినవాణ్ణి మళ్ళీ భోజనానికి పిలవాలి. పిలిచాను. పప్పులో చింతపండు వెయ్యనన్నాను. వేస్తాను.

మూడో తొట్టి పగిలిన రోజున నాకు ఎనిమిదేళ్ళు. మూడో తూము మూసింది మంగతాయారు. మా నాన్న వణుకుతూ నిచ్చెన పట్టుకున్నాడు. వదల్లేదు. నలభై ఒకటో పేజీలో ఇలా ఉండాలి.

మిగిలిన రెండొందల పదకొండూ నేను ఒప్పుకోవడం లేదు. ఈ పద్నాలుగు కాగితాల్లోనూ తప్పులున్నాయంటాడు, నాకు తెలుసు. ఈ చివరి కాగితం అంచుల్లో రెండేసి వేళ్ళ ఖాళీ వదిలాను.